ఆరో ఫ్రేములో ఎడమ పాదం

మార్చి 3, మంగళవారం

ఈ రోజు అక్కని నడిపించాను. నాటకాల హాలు వెనక, రంగులేసిన తెరలు ఆరబెట్టే పొడుగాటి వసారాలో, తెల్లగుడ్డ ముందు, ఆ చివర నుంచి ఈ చివరకి పదకొండు సార్లు. కెమెరా స్టూలు మీద, నేను నేల మీద. మేం చేస్తున్న వీడియో ఆటలో మనిషి చేతిలో లాంతరు కర్ర ఉంటుంది కనక అక్క చేతికి చీపురు కర్ర ఇచ్చాను.

"ఇంకెన్నిసార్లే? సైన్యంలో చేరినా ఇంత నడిపించరు," అంది.

"మామూలుగా నడు అక్కా. కెమెరా లేదనుకో."

"ఉన్నదాన్ని లేదనుకోవడం నీకు అలవాటు, నాకు కాదు."

పదకొండోసారి నడిచి, ఆ చీపురుతోనే వసారా ఊడ్చేసి, పానా జేబులో వేసుకుని లోపలికి పోయింది. పైన లైట్లు బిగించాలట. పాతికేళ్ళుగా ఆ హాల్లో ఏ నాటకానికైనా నిచ్చెనెక్కి లైట్లు కట్టేది ఆవిడే. నేను కాసేపు అక్కడే కూర్చుండిపోయాను. తెల్లగుడ్డ మీద ఎండ కదులుతోంది. మనిషి వెళ్ళిపోయాక కూడా దాని మీద ఎవరో నడుస్తున్నట్టే ఉంది.

రెండేళ్ళ కిందటా ఇక్కడే ఇలాగే తీశాను. ఆ ఆట సగంలో ఆగిపోయింది. ఇప్పుడు మాస్టారు దాన్ని మళ్ళీ పైకి తీశారు. ఈ కంపెనీ పెట్టక ముందు ఇరవై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. సగం చేసిన లెక్కని కొట్టేయడం ఆయనకి చేతకాదు. ఆట చిన్నదే. ఒకావిడ వీధి పొడవునా దీపాలు వెలిగించుకుంటూ పోతుంది. అంతే. ఎవరినీ చంపదు, ఎవరూ ఆవిణ్ణి తరమరు. అప్పట్లో ఆవిడ చేతులు ఖాళీ. ఇప్పుడు కర్ర వచ్చింది. చేతిలో కర్ర ఉంటే భుజం మారుతుంది, భుజంతో నడుము, నడుముతో నడక. అందుకని మళ్ళీ ఎనిమిది ఫ్రేములు గీయాలి.

ఎనిమిది బొమ్మల్లో ఒక మనిషి నడక మొత్తం పట్టేస్తుందని మొదటిసారి విన్నప్పుడు నమ్మలేదు. ఇప్పటికీ పూర్తిగా నమ్మను.

మార్చి 4, బుధవారం

వీడియోలోంచి ఎనిమిది క్షణాలు ఎంచి, ఒక్కొక్కదాని మీద బొమ్మ గీశాను. కష్టం గీయడంలో లేదు, కూర్చోబెట్టడంలో ఉంది.

కాపీ చేసిన బొమ్మని అతికిస్తే ఈ సాఫ్ట్‌వేర్ దాన్ని ఎప్పుడూ ఆ ఫ్రేము గడి నడిమధ్యన దింపుతుంది. ఎక్కణ్ణుంచి తీశామో దానికి పట్టదు. గడి వెడల్పు అరవై నాలుగు పిక్సెళ్ళు. బొమ్మ వెడల్పు సరిసంఖ్య అయితే బుద్ధిగా కూర్చుంటుంది. బేసి సంఖ్య అయితే అర పిక్సెల్ మిగులుతుంది. అర పిక్సెల్ అనేది లోకంలో లేదు కనక బొమ్మ ఒక పక్కకి, ఎప్పుడూ ఎడమకే, ఒరుగుతుంది. విడివిడిగా చూస్తే ఎవరికీ తెలియదు. ఎనిమిదీ వరసగా తిప్పితే మాత్రం మనిషి వణుకుతుంది. కొత్తవాళ్ళు చేసే తప్పు ఇది. పాతవాళ్ళూ చేస్తారు. అందుకే నేను ప్రతి గడిలోనూ పైనుంచి యాభై ఎనిమిదో వరసలో ఒక ఎర్ర గీత గీసి పెట్టుకుంటాను. అది నేల. ఆనిన పాదం ఆ గీత మీద ఆనాలి, లేచిన పాదం గీతకి పైన ఉండాలి.

ఏడు కుదిరాయి. ఆరోది కుదరలేదు. ఎడమ కాలు వెనక నుంచి ముందుకొచ్చే క్షణం అది. పాదం గాల్లో ఉండాలి. గీత మీద ఉంది. అతికించేటప్పుడు కిందికి జారి ఉంటుంది.

మార్చి 5, గురువారం

ఆరో ఫ్రేముని ఒక పిక్సెల్ పైకి జరిపాను. చాల్లేదు. రెండు.

మార్చి 6, శుక్రవారం

ఆఫీసులో కోడ్ రాసే అమ్మాయిని అందరం గడియారం అంటాం. సెకనులో అరవయ్యో వంతు తేడా వచ్చినా ఆ పిల్ల వదలదు. పొద్దున్నే నా కుర్చీ వెనక నిలబడింది.

"మేడమ్, మీ లాంతరావిడకి ఎక్కిళ్ళు వస్తున్నాయి."

"ఎక్కడ?"

"ప్రతి ఆరో ఫ్రేముకీ. తల గెంతుతోంది చూడండి. మంచినీళ్ళు పట్టించండి పాపం."

నిజమే. పాదం కోసం బొమ్మ మొత్తాన్ని పైకి జరిపితే తలా లేచింది. తల సరిచేస్తే పాదం నేలకి రాసుకుంటోంది. ఒకటి బాగుచేస్తే ఒకటి చెడుతోంది.

"వీడియోలోంచే తప్పు క్షణం తీసుకున్నారేమో," అంది గడియారం.

అయ్యుండొచ్చు. నేనే తప్పు తీసుకుని ఉంటాను. పదకొండు నడకలున్నాయి కదా. మధ్యాహ్నం కూర్చుని నాలుగు చూశాను. నాలుగింటిలోనూ ఎడమ బొటనవేలు నేలని గీసుకుంటూనే ముందుకొచ్చింది. ఆ వసారా నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది. మిగతా ఏడూ చూడక్కర్లేదనిపించింది.

మార్చి 8, ఆదివారం

బావ కళ్ళజోళ్ళ షాపు ఆదివారం సగం షట్టరు దించి ఉంటుంది. వంగి లోపలికి దూరి, నా కళ్ళు ఒకసారి చూడమన్నాను.

చీకటి గదిలో కూర్చోబెట్టి అద్దం మీద అద్దం మార్చారు. గోడ మీది అక్షరాలు మసకబారాయి, తేరుకున్నాయి, మళ్ళీ మసకబారాయి. నీళ్ళ అడుగున పడుకుని ఎవరి ఉత్తరమో చదువుతున్నట్టుంది. ఎంత హాయో. ఏదీ స్పష్టంగా లేకపోవడం కూడా ఒక సుఖమే. ఆయన అలాగే సాయంత్రం దాకా అద్దాలు మారుస్తూ ఉంటే బాగుండుననిపించింది.

"నీ కళ్ళకేం? గద్ద కళ్ళు. ఉన్న అద్దాలే చాలు."

"పనిలో గీతలు కాస్త కిందికి కనిపిస్తున్నాయి బావా."

దీపం వేసి నా మొహంలోకి చూశారు. "కళ్ళలో లోపం లేదమ్మా. ఏం కనిపిస్తోందో చెప్పు, దాని సంగతి చూద్దాం."

"ఏం లేదు. అలసటేమో."

ఆయన ఇంకేదో అనబోయి, అద్దాలు పెట్టెలో సర్దడం మొదలుపెట్టారు. ఒక్కొక్కటీ తుడిచి, దాని గాడిలో దాన్ని పెట్టి. చాలాసేపు సర్దారు.

మార్చి 9, సోమవారం

నేను భయపడింది ఎప్పుడు నిజమైంది గనక. నాలుగేళ్ళ కిందట అక్క మెడ దగ్గర గడ్డలా ఉందని కనిపెట్టింది నేనే. పరీక్షలకి తిప్పింది నేనే. వారం రోజులు ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. చివరికి కొవ్వు కణితి, ప్రమాదమేమీ లేదన్నారు. ఆస్పత్రి మెట్లు దిగుతూ అక్క, "ఇంకోసారి నా ఒంట్లో జబ్బులు వెతికావంటే నీతో మాట్లాడను," అంది. నవ్వుతూ అనలేదు.

తాళం వేశానా లేదా అని మూడుసార్లు వెనక్కొచ్చే మనిషిని. నేను గొడుగు పట్టుకెళ్ళిన రోజున వాన రాదని మా వాళ్ళందరికీ తెలుసు. రెండు డిగ్రీలు చదివి నేర్చుకున్నది ఏదైనా ఉంటే, ప్రతి వాక్యానికీ చివర ఒక "ఏమో" తగిలించుకోవడం. ఇదీ అంతే అయ్యుంటుంది.

మార్చి 10, మంగళవారం

పాత ఫైలు తెరిచాను. రెండేళ్ళ కిందటి ఎనిమిది ఫ్రేములు. వాటిని కాపీ చేసి కొత్తవాటి కింద, సగం పారదర్శకంగా పరిచాను. తలకి తల, నడుముకి నడుము కలిపాను. తిప్పాను.

ఇద్దరక్కలు నడిచారు. పాతావిడ నీలం పొగలా కొత్తావిడ ఒంట్లోంచి వచ్చి మళ్ళీ ఒంట్లోకి పోతోంది. కర్ర పట్టిన భుజం తప్ప, ఐదో ఫ్రేము వరకూ ఇద్దరూ ఒక్కరే. ఆరో దాంట్లో విడిపోతారు. పాతావిడ బొటనవేలు గీతకి రెండు పిక్సెళ్ళు పైన. కొత్తావిడది గీత మీద. ఏడో దాంట్లో మళ్ళీ కలిసిపోతారు, ఏమీ జరగనట్టు.

ఎంతసేపు చూశానో తెలియదు. కిటికీ అవతల మధ్యాహ్నం కూడా వాళ్ళ అడుగుల లెక్కలోనే కదిలింది. చిన్నప్పుడు బడికి వెళ్ళే దారంతా అక్క ముందు నడిచేది. ఆవిడ నీడ మీద కాలు పడకుండా నేను వెనక నడిచేదాన్ని. ఆ నీడ ఇలాగే పలచగా, కాస్త నీలంగా ఉండేది. ఉండేదా? నీడలు నీలంగా ఉండవు.

తరవాత చేసిన పని చాలా తేలిక. పాత ఆరో ఫ్రేములోంచి ఎడమ కాలు, మోకాలి నుంచి కింది భాగం, కాపీ చేశాను. తొమ్మిది వెడల్పు, పధ్నాలుగు పొడవు. బేసి వెడల్పు కనక ఎడమకి ఒరుగుతుందని తెలుసు. ఒకటి కుడికి జరిపాను. కొత్తావిడ మోకాలికి అతికించాను. అతుకు కనిపించలేదు. చెప్పు రంగు మాత్రం మార్చాల్సి వచ్చింది.

ఎనిమిదీ తిప్పాను. హాయిగా నడిచింది.

మార్చి 11, బుధవారం

"ఇదమ్మా నడకంటే," అన్నారు మాస్టారు. గడియారం తన టీ నాకిచ్చేసి ఇంకోటి తెచ్చుకుంది. ఎక్కిళ్ళు పోయాయట, ఆవిణ్ణి ఇక వీధిలోకి వదలొచ్చట.

సంతోషంగా ఉంది. ఉందనే అనుకుంటాను.

మార్చి 13, శుక్రవారం

కల. పొడుగాటి వీధి. అందరూ పక్కకి తిరిగి నడుస్తున్నారు, ఎవరి మొహమూ నాకేసి తిరగదు. వాళ్ళ కాళ్ళ కింద ఎర్ర గీత. వీధి చివరిదాకా వెళ్ళి మాయమై, మళ్ళీ మొదటి నుంచి వస్తున్నారు. ఎవరికీ తొందర లేదు, అలసట లేదు. పాలు తెచ్చేవాళ్ళు, బడిపిల్లలు, నేను ఎప్పుడో మర్చిపోయిన ఒక ప్రొఫెసరు. అక్క ఒక్కతే గీత దిగి పక్కన నిలబడి, చెప్పు విప్పి దులుపుకుంటోంది.

"వెళ్ళు, నేనొస్తా," అంది.

నేను వెళ్ళాను.

మార్చి 15, ఆదివారం

అక్కా బావా మా ఇంటికొచ్చారు. గుమ్మం దగ్గర తివాచీ అంచు తగిలి అక్క తూలింది. గోడ పట్టుకుని నిలదొక్కుకుంది.

"ఒక్కదానివే ఉంటావు కదే ఇంట్లో. ఎవరిని పడేద్దామని పరిచావు దీన్ని?"

"నిన్నే."

ఇద్దరం నవ్వుకున్నాం. బావ నవ్వలేదు. అక్క కుర్చీలో కూర్చుని కొత్త నాటకం గురించి చెప్పింది. కథంతా సముద్రం అడుగున జరుగుతుందట, వేదికంతా నీలం వెలుగు కావాలట, మొత్తం నలభై రెండు లైట్లు. చెబుతూ చేతులు పైకెత్తి గాల్లోనే ఒక్కొక్కటీ బిగించింది. ఎంత బాగుంటుందో ఆవిడ అలా చెబుతుంటే. గది కూడా నీళ్ళతో నిండినట్టయింది.

వాళ్ళు వెళ్ళాక తివాచీ చుట్టి మంచం కిందికి తోశాను. తప్పు తివాచీదే. అంచు లేచి ఉంది.

లేచి లేదు. ఇప్పుడే మళ్ళీ తీసి చూశాను.

మార్చి 17, మంగళవారం

బావ షాపు నుంచి ఫోన్ చేశారు.

"ఊరికే చేశానమ్మా. మీ అక్క చెప్పులు ఎప్పుడైనా చూశావా?"

"ఏం?"

"ఏం లేదు. ఎడమది ముందువైపు అరిగిపోతోంది. ఆర్నెల్లలో మూడో జత. తోలు మంచిది కాదంటాడు కొట్టువాడు."

"మంచిది కాదేమో."

"అంతేనంటావా?"

"అంతే అయ్యుండొచ్చు బావా."

ఇద్దరిలో ఎవరమూ ఫోను పెట్టలేదు. నేను చెబుతానేమోనని ఆయన, ఆయన చెబుతారేమోనని నేను. ఎవరో కస్టమరు వచ్చినట్టున్నారు, పెట్టేశారు.

మార్చి 18, బుధవారం

అక్క కొత్త నాటకానికి లైట్లు కట్టడం మొదలుపెట్టిందట. పద్దెనిమిది అడుగుల నిచ్చెన.

మార్చి 20, శుక్రవారం

ఆఫీసు నుంచి మధ్యాహ్నమే బయటపడి హాలుకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో అక్కకి చెప్పలేదు. ఆవిడ అడగలేదు.

"వచ్చావు కదా, నిచ్చెన పట్టుకో. సెట్లు కట్టే వడ్రంగి మేకులకి పోయాడు."

పట్టుకున్నాను. హాలంతా చీకటి. పైన బిగించినంత వరకు నీలం లైట్లు వెలుగుతున్నాయి. వాటి వెలుగులో దుమ్ము చేపపిల్లల్లా తిరుగుతోంది. తలెత్తితే అక్క పాదాల అడుగులే కనిపిస్తున్నాయి. కుడిది మెట్టు మీద చప్పున పడుతోంది. ఎడమదాన్ని నడుముతో పైకెత్తి, మెట్టు దాటించి, అప్పుడు దింపుతోంది. చూడ్డానికి నెమ్మదిగా ఈదుతున్న మనిషిలా ఉంది. అందంగా కూడా ఉంది. అది రాయడానికి సిగ్గేస్తోంది కాని, ఉంది.

ఎనిమిదో మెట్టు దగ్గర ఎడమ బొటనవేలు మెట్టు కింద తగిలి ఆగిపోయింది. నిచ్చెన నా చేతుల్లో చిన్నగా కదిలింది. అక్క కిందికి చూడలేదు. కాలు వెనక్కి తీసి, మళ్ళీ ఎత్తి, పెట్టింది.

"గట్టిగా పట్టుకో. కలలు కనకు," అంది పైనుంచి.

నాలుగు లైట్లు బిగించి దిగింది. టీ తాగాం. నేను నోరు తెరిచి, నీలం బాగుందన్నాను.

మార్చి 21, శనివారం

ఎక్కువ చేసి చూస్తున్నానేమో.

మార్చి 22, ఆదివారం

మిగతా ఏడు నడకలూ చూశాను. ఏడింట్లోనూ.

మార్చి 23, సోమవారం

మధ్యాహ్నం తిండి వేళ హాలు ఖాళీగా ఉంటుంది. లాప్‌టాప్ పట్టుకెళ్ళాను. అక్క వేదిక మీద ఒక చెక్కపెట్టె మీద కూర్చుని డబ్బా విప్పుకుంటోంది. పక్కన వడ్రంగి. నా మొహం చూసి ఆయన చెయ్యి కడుక్కుని వస్తానంటూ లేచాడు.

"ఆట చూపిస్తావా? ఇన్నాళ్ళకా?"

"ఆట కాదు. నడక."

స్క్రీను మీద ఎడమ పక్క రెండేళ్ళ కిందటిది పెట్టాను. కుడి పక్క ఈ నెల తీసింది, ఏదీ అతికించకుండా. రెండింటి కిందా ఒకటే ఎర్ర గీత. తిప్పాను. అక్క తింటూ చూసింది. తరవాత తినడం ఆపి చూసింది.

"రెండూ నేనేనా?"

"ఆఁ."

"కుడి పక్కదానికేమైంది?"

ఆరో ఫ్రేము దగ్గర ఆపాను. వేలు పెట్టి చూపించాను. పాదం, గీత, అంతే.

అక్క ఎడమ పక్క చూసింది, కుడి పక్క చూసింది, తన కాలు చూసుకుంది.

"ఇదెప్పుడు గీశావు?"

"నాలుగో తారీకున."

"ఇవాళ ఇరవై మూడు." ఆవిడ గొంతు పెరగలేదు. "పంతొమ్మిది రోజులు. మొన్న వచ్చి నా నిచ్చెన కూడా పట్టుకున్నావు."

"నా తప్పేమో అనుకున్నాను అక్కా. అతికించడంలో."

"పదకొండు సార్లు నడిచానే నేను."

"మెడ దగ్గర గడ్డప్పుడు నువ్వే అన్నావు కదా, ఇంకోసారి వెతికితే..."

"అన్నాను. నేను వంద అంటాను. ఏ ఒక్కటీ వినని దానివి, అది ఒక్కటే విన్నావా?"

ఇంకా చెప్పాల్సింది ఉంది, అదీ చెప్పేశాను. పాత కాలు కాపీ చేసి కొత్త ఒంటికి అతికించానని. అతుకు కనిపించలేదని. అందరూ మెచ్చుకున్నారని కూడా. అది ఎందుకు చెప్పానో తెలియదు.

"అంటే," అంది అక్క నెమ్మదిగా, "నేను పైన వేలాడుతుంటే నువ్వు కింద కూర్చుని నాకు బొమ్మలో కాలు బాగుచేశావు."

"అవును."

డబ్బా మూత పెట్టింది. సగం అన్నం అలాగే ఉంది. వడ్రంగిని కేకేసి, జేబులోంచి పానా తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇవాళ్టి నుంచి నువ్వెక్కు."

"నేనా? నాలుగు మెట్లెక్కితే కళ్ళు తిరుగుతాయి నాకు."

"నాకు కాలే లేవట్లేదు. నీదే నయం. ఎక్కు."

నా వైపు చూడలేదు. నేను లాప్‌టాప్ మూసి బయటికొచ్చాను. ఎండలో కాసేపు ఏమీ కనిపించలేదు.

మార్చి 24, మంగళవారం

ఫోన్ ఎత్తడం లేదు.

మార్చి 25, బుధవారం

బావ చేశారు. సోమవారానికి నరాల డాక్టరు దొరికాడట. అక్క వస్తానందట.

"నేను రావచ్చా?"

"అడిగాను. రమ్మను అంది."

"ఇంకేమంది?"

"రమ్మను అంది, అంతే. నేను నీకు ముందే చెప్పాల్సిందమ్మా. ఆర్నెల్లుగా చెప్పులు కొంటున్నాను."

"నేనూ మీకు చెప్పాల్సింది."

"వడ్రంగి ఎక్కుతున్నాడు. మీ అక్క కింద నిలబడి తిట్టిపోస్తోంది. కళ్ళు మూసుకుని లైట్లు కడుతున్నాడట."

మార్చి 27, శుక్రవారం

ఆరో ఫ్రేములోంచి పాత కాలు తీసేశాను. అసలుది పెట్టాను. తలని ముట్టుకోలేదు.

"మేడమ్, మళ్ళీ నేలకి రాసుకుంటోందేంటి?" అంది గడియారం.

"అలాగే ఉండనీ. నిజంగా అంతే."

"ఆటలో నిజమెందుకు మేడమ్?"

సాయంత్రం మాస్టారు పిలిచి, అప్పగించడానికి వారమే ఉందమ్మా, ఏదో ఒకటి తేల్చుకోండి అన్నారు. నేను తేల్చుకున్నాననే అనుకుంటున్నాను. ఇంత నిజాయితీ నాకు కాస్త ఆలస్యంగా వచ్చింది. వచ్చినందుకు గర్వంగా కూడా ఉంది. ఆ గర్వాన్ని చూస్తే అనుమానంగా ఉంది.

మార్చి 30, సోమవారం

ఆస్పత్రిలో పొడుగాటి బెంచీ. బావ కాగితాలు రాయించడానికి వెళ్ళారు. అక్కా నేనూ పక్కపక్కన. వారం తరవాత మొదటిసారి. కిటికీల్లోంచి తెల్లటి వెలుగు గచ్చు మీద గడులు గడులుగా పడింది. వచ్చేపోయేవాళ్ళు ఒక గడిలోంచి ఒక గడిలోకి అడుగేస్తున్నారు. వాళ్ళ పాదాలకేసి చూడకూడదని నా వేళ్ళకేసి చూసుకున్నాను.

"నీ అసలు కాలు పెట్టేశాను ఆటలో," అన్నాను.

"ఎవరు పెట్టమన్నారు?"

"పాతది నిజం కాదు కదా అక్కా."

"రెండేళ్ళ కిందట నిజం కాదా? అదెవరి కాలు, పక్కింటావిడదా?"

అక్క కాలు ముందుకి చాపుకుంది.

"ఆ ఆటలో అది ఏం చేస్తుందన్నావు?"

"దీపాలు వెలిగిస్తుంది. వీధంతా."

"ఎత్తుగా ఉంటాయా?"

"కొన్నిటికి నిచ్చెనెక్కాలి."

"మరింకేం. దానికి మంచి కాలు ఇచ్చెయ్యి. నా బాధలన్నీ దానికెందుకు?" ఎడమ చెప్పు సర్దుకుని, "నువ్వు చెప్పాల్సింది నాకు. దానికి కాదు," అంది.

లోపల డాక్టరు అక్కని మడమల మీద నిలబడి వేళ్ళు పైకెత్తమన్నాడు. కుడి వేళ్ళు లేచాయి. ఎడమవి ఆలోచించాయి. అక్క మొహం గోడకేసి తిప్పుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

అక్క నాకేసి చూసింది. "అది చెబుతుంది."

చెప్పాను. రెండేళ్ళ కిందటి నడకలో లేదని. ఈ నెల మూడో తారీకున తీసిన పదకొండు నడకల్లోనూ ఉందని. చెప్పులు ఆరు నెలలుగా అరుగుతున్నాయని. ఒక్క "ఏమో" కూడా లేకుండా చెప్పాను, చెప్పాక తెలిసింది. డాక్టరు రాసుకుంటూ తలెత్తాడు.

"ఎవరు గమనించారిది?"

"మా చెల్లెలు," అంది అక్క. "దాని పనే అది."

ఆ గొంతులో కోపం ఉందో లేదో తేల్చుకోలేకపోయాను.

ఏప్రిల్ 1, బుధవారం

పాత కాలు మళ్ళీ పెట్టాను. తొమ్మిది వెడల్పు, ఒకటి కుడికి. మాస్టారికి అప్పగించాను. గడియారం ఏమీ అడగలేదు, టీ ఇచ్చింది.

ఏప్రిల్ 3, శుక్రవారం

స్కాన్ వచ్చింది. నడుము దగ్గర నరం ఒత్తుకుపోతోందట. పదమూడో తారీకున ఆపరేషన్. ఒత్తిడి తీసేస్తారు, పాదంలో బలం ఎంత తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేరట. కొంత రావచ్చు. చాలా రావచ్చు. నిచ్చెన మాత్రం వద్దన్నారు, ఇప్పుడూ, తరవాత చాలాకాలమూ. అక్క సరేనంది. అంత తొందరగా ఆవిడ దేనికీ సరేననడం నేను చూడలేదు.

బావ మందులకి ఆగినప్పుడు నేను ఒక్కదాన్నే వెనక్కెళ్ళి డాక్టర్ని అడిగాను, పంతొమ్మిది రోజులు ముందు వచ్చి ఉంటే ఏమైనా తేడా ఉండేదా అని. ఇది నెలల లెక్కమ్మా, రోజులది కాదు అన్నాడు. మంచివాడు కనక అన్నాడో, నిజం కనక అన్నాడో. ఇంక ఆ మాట అడగడానికి ఎవరూ లేరు.

ఆటో ఎక్కుదామన్నాను. బస్టాపు దాకా నడుస్తానంది అక్క. బావ ముందు పోయారు, బస్సు ఆపడానికి. మేమిద్దరం చెట్ల కింద నడిచాం. ఆకుల నీడలు పేవ్‌మెంటు మీద మెల్లగా ఈదుతున్నాయి. పొద్దున వాన పడ్డట్టుంది, గోడలు తడిగా మెరుస్తున్నాయి. ఆవిడ నా చెయ్యి పట్టుకోలేదు. నేను పట్టుకోమనలేదు. పక్కపక్కన నడుస్తుంటే పాదాలు కనిపించవు. ఇన్నాళ్ళూ పక్క నుంచి, దూరం నుంచి, గీత గీసి చూశాను. ఫ్రేముల్లో చప్పుడు ఉండదు. ఇక్కడ ఉంది. కుడిది పడటం, తరవాత ఎడమది సన్నగా రాసుకుంటూ రావడం, కాగితం మీద చెయ్యి జరిపినట్టు. మళ్ళీ కుడిది.

"ఏం వింటున్నావే?" అంది అక్క.

"ఏం లేదు," అనబోయి ఆగాను. "నీ కాలు."

ఇంకో పది అడుగులు నడిచాం. బస్టాపులో బావ చెయ్యెత్తి ఊపుతున్నారు.

"నేనూ వింటున్నాను," అంది. "ఎప్పట్నుంచో."